గది కూడా వాద్యమే: ఇంటి హైఫైపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి. లక్షలు పోసి కొన్న పరికరాలు దుకాణంలో విన్నంత బాగా ఇంట్లో ఎందుకు వినిపించడం లేదన్నదే ఆ అనుమానం. అందుచేత ఆ ప్రశ్నకు ఎక్కువ చోటు కేటాయించి, మిగిలినవాటికి అవసరమైన మేరకు సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మాది శ్లాబు ఇల్లు. హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. నేలంతా టైల్స్. ఆరు నెలల క్రితం నేల మీద నిలబెట్టే పెద్ద స్పీకర్లు, వాటికి తగిన యాంప్లిఫయర్ కొన్నాను. వెనుక గోడకు ఆనించిన సోఫాలో కూర్చుని వింటాను. సినిమా పాటలు పరవాలేదు. కర్ణాటక కచేరీలు, ముఖ్యంగా మగ గాయకులవి పెట్టినప్పుడు తంబుర, మృదంగం కలిసి గుమ్మని మోగుతున్నాయి, సాహిత్యం ముద్దగా వినబడుతోంది. యాంప్లిఫయర్ మార్చమని దుకాణం వారు చెబుతున్నారు. మరో రెండు లక్షలు సిద్ధం చేసుకున్నాను. ఏది కొనమంటారు? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు. మీరు రాసిన కొలతలే మీ బాధకు కారణం చెబుతున్నాయి.

ఎదురెదురుగా ఉన్న రెండు గట్టి గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటూ ఉన్నప్పుడు, ఆ దూరానికి సరిగ్గా ఇమిడే కొన్ని స్వరాలు మాత్రం బలపడి, వాయించడం ఆగిన తరువాత కూడా గదిలో నిలిచిపోతాయి. అవి ఏ స్వరాలో తెలుసుకోవడానికి శబ్దవేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే చాలు. మన వేడికి శబ్దవేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. మీ గది పొడవు 4.88 మీటర్లు కాబట్టి మొదటిది 36 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపైన రెండవది 72 హెర్ట్జ్ దగ్గర వస్తాయి. వెడల్పు వల్ల 48, ఎత్తు వల్ల 57 దగ్గర మరో రెండు ఏర్పడతాయి.

ఇప్పుడు మీరు వినే సంగీతం వైపు చూడండి. మగ గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో పాడుతున్నాడనుకుంటే ఆయన ఆధార షడ్జం సుమారు 139 హెర్ట్జ్, తంబురలోని మంద్ర షడ్జం దానిలో సగం, అంటే 69 హెర్ట్జ్. మీ గది తనంతట తాను మోగే 72కు అది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. ఈ గది స్వరాలు ఒక్క బిందువు మీద కాక, ఇరువైపులా కొన్ని హెర్ట్జ్‌ల మేర వ్యాపించి ఉంటాయి. కచేరీలో గంటల తరబడి ఆగకుండా సాగే శ్రుతి, దాని చుట్టుపక్కల పడే మృదంగం ఎడమ మూత దెబ్బ, రెండూ మీ గదికి ఇష్టమైన స్వరం మీదనే పడుతున్నాయి. ఏ స్వరమూ అంతసేపు నిలవని సినిమా పాటలో ఆ లోపం అంతగా బయటపడదు. స్త్రీ గొంతుకు పెట్టే ఐదు శ్రుతిలో మంద్ర షడ్జం 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కనుక అక్కడా మీకు ఇబ్బంది తక్కువ. ఈ లక్షణం యాంప్లిఫయర్‌లో పుట్టినది కాదు, యాంప్లిఫయర్ మార్చినంత మాత్రాన పోయేదీ కాదు.

మీ సోఫా వెనుక గోడకు ఆని ఉండటం రెండవ కారణం. పొడవు వల్ల ఏర్పడే ఈ స్వరాలన్నీ గోడ దగ్గరే అత్యధిక ఒత్తిడితో ఉంటాయి. రెండవ స్వరం మాత్రం గోడ నుంచి గది పొడవులో నాలుగో వంతు దూరంలో, అంటే మీ గదిలో 4 అడుగుల దగ్గర, దాదాపు మాయమవుతుంది. సోఫాను 3 నుంచి 3.5 అడుగులు ముందుకు జరపండి. అక్కడ 72 దగ్గరి గుమ్మనడం సగానికి పైగా తగ్గుతుంది, 36 దగ్గరి బలం కొంత మిగిలే ఉంటుంది కనుక సంగీతం పీలగా మారదు. గది నట్టనడుమ మాత్రం కూర్చోవద్దు. అక్కడ మొదటి స్వరం పూర్తిగా పోయి, మీకు బాధ కలిగిస్తున్న రెండవది మళ్ళీ నిండుగా తగులుతుంది. ఇల్లాలికీ పిల్లలకూ నడిచే దారి పోతుందని మీరు అనుకోవచ్చు. వినే సమయానికి మాత్రమే ముందుకు జరపడానికి వీలుగా సోఫా కాళ్ళకు చక్రాలు బిగించుకున్న ఇళ్ళు నేను చూశాను. అది నామోషీ పడవలసిన విషయం కాదు.

స్పీకర్లను 12 అడుగుల గోడ వైపున ఉంచి, వెనుక 3 అడుగులు, పక్క గోడలకు రెండు అడుగుల పైచిలుకు ఖాళీ వదలండి. వూఫర్ (మంద్ర స్వరాలు పలికే స్పీకర్ భాగం) నుంచి వెనుక గోడకు, పక్క గోడకు, నేలకు ఉండే మూడు దూరాలూ సమానం కాకుండా చూసుకోవాలి. గోడ నుంచి తిరిగి వచ్చే ధ్వని ఒక నిర్దిష్ట పౌనఃపున్యం దగ్గర అసలు ధ్వనిని రద్దు చేస్తుంది. మూడు దూరాలూ ఒకటే అయితే మూడు రద్దులూ ఒకే చోట పడి అక్కడ పెద్ద గొయ్యి ఏర్పడుతుంది. స్పీకర్ల మధ్య 7 అడుగులు ఉంచి, వాటి ముఖాలను మీ భుజాల వైపు కొద్దిగా తిప్పండి.

అమరిక కుదిరిందో లేదో చూడటానికి మన దగ్గరే ఒక మంచి కొలబద్ద ఉంది. ఘంటసాల గారి కాలపు పాత పాటల్లో అత్యధికం మోనోలో ముద్రితమైనవి, అంటే రెండు స్పీకర్లకూ వెళ్ళేది ఒకే సంకేతం. అటువంటి పాట పెట్టినప్పుడు గొంతు స్పీకర్లలో కాక, రెండింటికీ సరిగ్గా మధ్యన, ఒక మనిషి నిలబడినంత చోటులో వినబడాలి. గొంతు ఒక పక్కకు లాగితే ఆ వైపు గోడ దగ్గరగా ఉందని, లేదా మీరు నడుమ కూర్చోలేదని అర్థం. గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా పరుచుకుని, బాస్ కూడా పలుచబడితే ఒక స్పీకర్‌కు ఎర్ర, నల్ల తీగలు తారుమారయ్యాయని తెలుసుకోండి. స్టీరియో గొప్పను చూపించే కొత్త రికార్డింగులతో ఈ పరీక్ష ఇంత కచ్చితంగా జరగదు. నేను ఏ ఇంట్లో స్పీకర్లు అమర్చినా మొదట వినేది మోనో పాటనే.

ఇక సాహిత్యం ముద్దగా వినబడటం సంగతి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఫిర్యాదులు వస్తే, వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడు పక్కనున్న నాటకశాల కుర్చీల మెత్తలను రాత్రిళ్ళు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలుచుకుంటూ పోయాడు. ధ్వని అణగడానికి పట్టే కాలం గది ఘనపరిమాణానికి అనులోమంగా, గదిలోని పీల్చే సామర్థ్యానికి విలోమంగా ఉంటుందన్న సూత్రం ఆ మెత్తల నుంచే పుట్టింది. మీ గది ఘనపరిమాణం సుమారు 54 ఘనమీటర్లు. గట్టి సిమెంటు పూత, శ్లాబు, టైల్స్ ధ్వనిని నూటికి మూడు పాళ్ళకు మించి పీల్చవు కనుక, సామాను లేని మీ గదిలో ధ్వని అణగడానికి సబీన్ లెక్క ప్రకారం 3 సెకన్లకు పైగా పడుతుంది. ఇంట్లో సంగీతం స్పష్టంగా వినబడాలంటే అది అర సెకను లోపు ఉండాలి. సోఫా, మనుషులు, సామాను కలిసి కొంత తగ్గిస్తాయి, మిగిలింది మీరు చేయవలసిన పని. స్పీకర్లకూ మీకూ నడుమ నేల మీద మందపాటి తివాచీ, కిటికీలకు కుచ్చులు నిండుగా ఉన్న బరువైన పరదాలు, వెనుక గోడకు ఎత్తైన పుస్తకాల బీరువా మొదట ఏర్పాటు చేసుకోండి. తరువాత ఎవరినైనా అద్దం పట్టుకుని పక్క గోడ వెంబడి నడవమని, మీరు కూర్చున్న చోటు నుంచి ఆ అద్దంలో స్పీకర్ కనబడే స్థలాన్ని గుర్తు పెట్టండి. ధ్వని గోడ మీద పడి మీ చెవికి చేరే చోటు అదే. అక్కడ పీల్చే పలక ఒకటి తగిలించాలి.

తివాచీ, పరదా పై స్వరాలను మాత్రమే పీలుస్తాయి, 72 హెర్ట్జ్ తరంగానికి అవి అడ్డే కావు. దానికి గది మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా మందమైన రాక్‌వూల్ (రాతి పీచు) పలకలు కావాలి. ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత గల 4 అంగుళాల పలకలను చెక్క చట్రంలో అమర్చి, మూలకు అడ్డంగా, వెనుక ఖాళీ మిగిలేలా నిలబెట్టండి. పీచు రాలకుండా బట్ట కప్పడం తప్పనిసరి. ఆ బట్టకు నోరు ఆనించి ఊదితే గాలి సులభంగా అవతలికి వెళ్ళాలి. ఖద్దరు ఇందుకు చక్కగా సరిపోతుంది, రెక్సిన్ పనికిరాదు. వడ్రంగి కూలితో కలిపినా ఇది మీరు సిద్ధం చేసుకున్న సొమ్ములో చిన్న భాగం మాత్రమే.

ఇవన్నీ పూర్తయిన తరువాత ఒక కొలత మైకు కొని, ఆర్‌ఈడబ్ల్యు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గదిని కొలవండి. 72 దగ్గర ఇంకా గుట్ట మిగిలి ఉంటే డిజిటల్ సవరణతో దానిని కోయవచ్చు. గుట్టలను కోయడం మంచిదే, గోతులను పూడ్చాలని మాత్రం ప్రయత్నించవద్దు. రద్దయిపోతున్న స్వరాన్ని 10 డెసిబెల్స్ పెంచడానికి యాంప్లిఫయర్ పది రెట్ల శక్తి పోయాలి, అయినా అది అదే నిష్పత్తిలో మళ్ళీ రద్దవుతుంది. ఇంత చేసిన తరువాత కూడా అసంతృప్తి ఉంటే అప్పుడు యాంప్లిఫయర్ గురించి రాయండి.

ప్రశ్న: స్పీకర్ల సున్నితత్వం 86 డెసిబెల్స్ అని రాసి ఉంది. 60 వాట్ల యాంప్లిఫయర్ చాలదని, 200 వాట్లు ఉండాలని అంటున్నారు. నేను 3 మీటర్ల దూరంలో కూర్చుంటాను. (కర్నూలు)

జవాబు: లెక్క వేసి చూద్దాం. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్స్ అంటే 3 మీటర్ల దగ్గర దాదాపు 76.5 అవుతుంది. స్పీకర్లు రెండు కనుక 3, గోడలు తిరిగి ఇచ్చేది మరో 3 కలిపితే ఒక్క వాటుకే మీ చెవి దగ్గర 82 పైచిలుకు డెసిబెల్స్ వస్తాయి. ఇంట్లో హాయిగా వినే సగటు స్థాయి 75 నుంచి 80 వరకు మాత్రమే, అంటే చాలా సమయం మీరు ఒక వాటు లోపే వాడుతున్నారు. మృదంగం మీద పడే గట్టి దెబ్బ సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి లేచి 100 తాకినా, దానికి 56 వాట్లు సరిపోతాయి. 60 నుంచి 200కు వెళితే మీకు దక్కేది 5 డెసిబెల్స్ అదనపు జాగా.

వాట్ల కన్నా ముఖ్యంగా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. 8 ఓమ్‌ల దగ్గర 60 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ 4 ఓమ్‌ల దగ్గర ఎంత ఇస్తుంది? 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్లు కూడా కొన్ని పౌనఃపున్యాల దగ్గర 4కు, ఒక్కోసారి 3కు దిగిపోతాయి. అక్కడ విద్యుత్ ప్రవాహం సరఫరా చేయలేని యాంప్లిఫయర్ అట్ట మీద ఎన్ని వాట్లు ముద్రించుకున్నా నీరసపడుతుంది. 4 ఓమ్‌ల దగ్గర 100 వాట్లకు పైగా ఇవ్వగల 60 వాట్ల యాంప్లిఫయర్‌ను నిశ్చింతగా ఉంచుకోండి.

ప్రశ్న: మీటరు పన్నెండు వేల రూపాయల స్పీకర్ తీగ వాడితే తెర తొలగినట్లు ఉంటుందని మిత్రుడు చెబుతున్నాడు. నిజమేనా? (కరీంనగర్)

జవాబు: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు 7 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 4 మీటర్ల దూరానికి పోనూ రానూ 8 మీటర్లు, అంటే 56 మిల్లీ ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు దీని వల్ల కలిగే నష్టం డెసిబెల్‌లో పదహారో వంతు. చెవి దానిని పట్టలేదు. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మంచి రాగి తీగ తీసుకుని, చివరలు శుభ్రంగా ఒలిచి, మరలు గట్టిగా బిగించండి. ఆ డబ్బుతో తివాచీ కొనండి.

ప్రశ్న: మా ఇంటి సెట్‌లో టీవీని కలిపినప్పుడల్లా స్పీకర్లలో సన్నగా ‘హుమ్’ అని రొద వస్తోంది. టీవీకి డిష్ సెట్‌టాప్ బాక్సు ఉంది. యాంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే రొద పోయింది. అలాగే వాడవచ్చా? (ఖమ్మం)

జవాబు: వాడకూడదు. ఈ ఉత్తరం చదివిన వెంటనే ఆ పిన్నును మళ్ళీ పెట్టించండి. యాంప్లిఫయర్ లోపల ఎప్పుడైనా ఒక తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలితే, 230 వోల్టుల విద్యుత్తు భూమిలోకి పోవడానికి ఉన్న దారి ఆ పిన్ను ఒక్కటే. అది లేకపోతే ఆ దారి మీ చేయి అవుతుంది.

రొద ఎందుకు వస్తోందంటే, మీ యాంప్లిఫయర్‌కు ఇప్పుడు రెండు ఎర్తులు ఉన్నాయి. ఒకటి గోడ ప్లగ్గు ద్వారా వచ్చేది, రెండవది మిద్దె మీది డిష్ నుంచి కేబుల్ పై తొడుగు వెంట సెట్‌టాప్ బాక్సుకు, అక్కడి నుంచి టీవీకి, టీవీ నుంచి సంకేతపు తీగ వెంట యాంప్లిఫయర్‌కు చేరేది. ఈ రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, ఆ చుట్టు వెంట 50 హెర్ట్జ్ విద్యుత్తు ప్రవహించి సంగీతంలో కలుస్తుంది. కారణం ఇదేనని తేల్చుకోవడానికి సెట్‌టాప్ బాక్సు నుంచి డిష్ కేబుల్ ఊడదీసి చూడండి. రొద ఆగితే అనుమానం తీరినట్లే. మామూలు కేబుల్ టీవీ అయితే ఆ తీగ మధ్యలో ఒక ఐసోలేటర్ పెట్టమని చెప్పేవాణ్ణి. డిష్ కేబుల్‌లో మాత్రం పై నున్న పరికరానికి కావలసిన విద్యుత్తు కూడా వెళుతుంది కనుక అది కుదరదు. చాలా టీవీల వెనుక ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటుంది, దానిని వాడండి. అందులో ప్రయాణించేది వెలుగు. లోహపు కలయిక లేనప్పుడు ఆ విద్యుత్తు చుట్టు ఉండదు, రొదా ఉండదు.

ఇది చేసినా శబ్దం మిగిలితే అది స్పీకర్లోంచి వస్తోందా, యాంప్లిఫయర్ పెట్టెలోంచి వస్తోందా చెవి పెట్టి వినండి. పెట్టె నుంచి అయితే అది ట్రాన్స్‌ఫార్మర్ వణుకు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు అది పెరిగితే మీ ఇన్వర్టర్ చదరపు తరంగం ఇస్తోందని అర్థం. హైఫైకి శుద్ధ సైన్ తరంగం ఇచ్చే ఇన్వర్టర్ కావాలి. పాత ఇళ్ళలో ఎర్తింగ్ గొయ్యి బొగ్గు, ఉప్పుతో వేసి ఏళ్ళ తరబడి నీళ్ళు పోయకుండా వదిలేస్తుంటారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించండి. అది 2, 3 వోల్టులు దాటితే మొదట ఆ గొయ్యి బాగుచేయించాలి.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు. ఉద్యోగం నుంచి వచ్చి వినడం మొదలుపెట్టేసరికి రాత్రి పది దాటుతుంది. పక్క ఫ్లాటు వారికి ఇబ్బంది కలగకుండా తగ్గించి పెడితే సంగీతంలో జీవం ఉండటం లేదు. (కూకట్‌పల్లి)

జవాబు: పక్కవారి నిద్ర గురించి ఆలోచించే శ్రోత నుంచి ఉత్తరం రావడం సంతోషం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే.

తగ్గించినప్పుడు జీవం పోవడం మీ పరికరాల లోపం కాదు. చెవి స్వభావమే అటువంటిదని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ 1933లో కొలిచి చూపించారు. ధ్వని తగ్గుతున్న కొద్దీ మంద్ర స్వరాలు మనకు మధ్య స్వరాల కన్నా ఎంతో వేగంగా వినబడకుండా పోతాయి. పాత యాంప్లిఫయర్లలో లౌడ్‌నెస్ అనే మీట ఉండేది ఈ తేడాను పూడ్చడానికే. చిక్కేమిటంటే, మీరు బాస్ పెంచితే శ్లాబు గుండా పక్క ఇంటికి మొదట వెళ్ళేది ఆ బాసే. అందుకని నేను సూచించేది దగ్గరగా కూర్చోవడం. 9 అడుగుల దూరంలో కాక నాలుగున్నర అడుగుల దూరంలో కూర్చుంటే స్పీకర్ నుంచి నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంత మేరకు మీట తగ్గించవచ్చు. గది జోక్యం కూడా తగ్గుతుంది. రాత్రి శ్రవణానికి స్టాండ్ల మీద నిలిపిన చిన్న స్పీకర్ల జత, ఒక చిన్న కుర్చీ చాలు. ఫ్యాను ఆపగలిగిన నెలల్లో ఆపి వినండి. తంబురలో జీవా (తీగ కింద పెట్టే దారం) పలికే సన్నని ఝంకారం ఫ్యాను గాలి శబ్దం కింద పూర్తిగా మునిగిపోతుంది. అది తిరిగి వినబడిన మొదటి రాత్రి మీరు మీట మరికొంత తగ్గిస్తారని నా నమ్మకం.

ప్రశ్న: తాతగారి పెట్టెలో సుమారు వంద రికార్డులు దొరికాయి. కొన్ని బరువైనవి, 78 అని రాసి ఉన్నాయి. మిగిలినవి ఎల్పీలు. బూజు పట్టి ఉన్నాయి. స్పిరిట్‌తో తుడిచి కొత్తగా కొన్న టర్న్‌టేబుల్ మీద వేద్దామనుకుంటున్నాను. (తెనాలి)

జవాబు: దయచేసి స్పిరిట్ సీసా పక్కన పెట్టండి. బరువైన 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి. మన అడవుల్లో చెట్ల మీద లక్క పురుగులు పెట్టే లక్కే ఒకప్పుడు గ్రామఫోను రికార్డులకు ప్రధాన ముడిసరుకు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు చెక్కకు పాలిష్ పెట్టడానికి చేసేది అదే పని. మీరు తుడిచింది బూజు కాదు, పాట అవుతుంది. డిస్టిల్డ్ నీటిలో ఒకటి రెండు చుక్కల మెత్తని సబ్బు ద్రవం కలిపి, సన్నని కుంచెతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ నీటితో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. నడుమనున్న కాగితపు లేబుల్ తడవనివ్వకండి. ఎల్పీలకూ ఇదే పద్ధతి సరిపోతుంది.

రెండవ సంగతి సూది. 78 గాడి వెడల్పైనది. దానికి కొన సుమారు 75 మైక్రాన్ల వ్యాసార్ధం గల సూది కావాలి. మీ టర్న్‌టేబుల్‌తో వచ్చిన ఎల్పీ సూది కొన దానిలో నాలుగో వంతు కూడా ఉండదు. అది 78 గాడిలో అడుగుకు దిగిపోయి, పాట కన్నా అక్కడి చెత్తనే ఎక్కువ వినిపిస్తుంది, తానూ అరిగిపోతుంది. 78కు వేరే సూది, ఆ వేగంలో తిరిగే టర్న్‌టేబుల్ రెండూ అవసరం. ఇంట్లో పాత ఉక్కు ముల్లుల డబ్బా దొరికినా వాటిని వాడవద్దు. ముల్లును అరగదీసి గాడి ఆకారానికి తేవడానికే ఆ రికార్డుల్లో రాతి పొడి కలిపేవారు. ముల్లు అరిగే క్రమంలో రికార్డు కూడా అరుగుతుంది.

రికార్డు మీద మంద్ర, పై స్వరాలను ఏ పాళ్ళలో ముద్రించాలో చెప్పే ఆర్‌ఐఏఏ ప్రమాణం 1954లో ఖరారై, ఆ తరువాతి సంవత్సరాల్లో ఎల్పీలన్నీ దానికి అనుగుణంగా వచ్చాయి కాబట్టి మామూలు ఫోనో ప్రీయాంప్‌తో (సూది నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే పరికరంతో) అవి సరిగా వినబడతాయి. అంతకు ముందు వచ్చిన 78లకు ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి పాటించింది. అవి మరీ మొద్దుగా లేదా మరీ కీచుగా అనిపిస్తే స్వరపు మీటలతో మీ చెవికి సహజంగా తోచేంతవరకు సరిచేసుకోండి, అందులో తప్పు లేదు. మోనో రికార్డులన్నింటికీ యాంప్లిఫయర్‌లోని మోనో మీట నొక్కండి. గాడిలో నిలువుగా కలిగే రొద రెండు పక్కలా వ్యతిరేకంగా ఉండటం వల్ల, కలిపినప్పుడు చాలా భాగం రద్దవుతుంది. రికార్డులను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిటారుగా ఉంచండి. 78లను ఎత్తేటప్పుడు రెండు చేతులూ వాడండి, జారితే పగులుతాయి. ముందు కడిగిన పది రికార్డులను డిజిటల్‌గా భద్రపరిచి, తరువాతే మిగిలినవాటికి వెళ్ళండి.

ప్రశ్న: 1990లలో కొన్న మంచి స్పీకర్లు ఇప్పుడు గరగరమంటున్నాయి. పారేయాలా? (విశాఖపట్నం)

జవాబు: జాలీ తీసి వూఫర్ అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. అది స్పాంజిలా ఉండి, పొడిపొడిగా రాలితే కారణం దొరికినట్లే. ఆ కాలపు నురుగు అంచులు తేమకూ వేడికీ పదిహేనేళ్ళలోపే పాడైపోతాయి, సముద్రపు గాలిలో ఇంకా ముందే. అంచు మాత్రమే మార్చవచ్చు, రబ్బరు అంచు వేయించడం మన వాతావరణానికి మంచిదే గాని, దాని బిగువు పాతదానికి దగ్గరగా ఉండాలి. రెండు స్పీకర్లకూ ఒకేసారి వేయించండి. తీగలు బిగించే పిన్నులకు పట్టిన పచ్చని చిలుమును కూడా తుడవండి.

ప్రశ్న: సీడీ నాణ్యత కన్నా ఎక్కువైన హై రిజొల్యూషన్ స్ట్రీమింగ్‌కు నెలనెలా డబ్బు కట్టడం అవసరమా? నేను ఎక్కువగా 1960ల పాటలు వింటాను. (వరంగల్)

జవాబు: అవసరం లేదు. 1982 నుంచి ఉన్న సీడీ ప్రమాణం సెకనుకు 44,100 నమూనాలతో 20,000 హెర్ట్జ్ దాటి పట్టుకుంటుంది, 16 బిట్లతో అతి సన్నని, అతి పెద్ద శబ్దాల మధ్య 96 డెసిబెల్స్ వ్యాప్తి ఇస్తుంది. మీరు వినే పాటలు రికార్డయిన టేపుకు అంత వ్యాప్తి లేదు. మీరు వెతకవలసింది పాత టేపు నుంచి డిజిటల్‌లోకి జరిగిన మంచి బదిలీని. ఒకే పాట రెండు ఆల్బముల్లో ఉంటే, ధ్వని స్థాయిని సమానం చేసి రెండూ వినండి. రొద తొలగించే ఉత్సాహంలో గొంతులోని గాలిని కూడా తుడిచేసిన బదిలీ కన్నా, కాస్త టేపు రొద మిగిలి ఉన్న బదిలీయే తరచుగా మెరుగ్గా ఉంటుంది.

ప్రశ్న: పద్దెనిమిదేళ్ళుగా న్యూజెర్సీలో ఉన్నాము. వచ్చే ఏడాది గుంటూరుకు తిరిగి వస్తున్నాము. నా హైఫై మొత్తం తెచ్చుకోవాలని ఉంది: పెద్ద స్పీకర్లు, యాంప్లిఫయర్, బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొంటే సరిపోతుందా? (న్యూజెర్సీ)

జవాబు: యాంప్లిఫయర్‌కు సరిపోవచ్చు. అంతకు ముందు దాని వెనుక 115, 230 వోల్టుల మధ్య మార్చే ఏర్పాటు ఉందేమో చూడండి, ఉంటే ట్రాన్స్‌ఫార్మరే అక్కర్లేదు. లేకపోతే, యాంప్లిఫయర్ గరిష్ఠంగా లాగే వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉన్నది తీసుకోండి. 60 హెర్ట్జ్‌కు మాత్రమే తయారైన పరికరాల ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద వేడెక్కుతుంది కాబట్టి, వెనుక పలక మీద రెండు పౌనఃపున్యాలూ రాసి ఉండటం ముఖ్యం.

టర్న్‌టేబుల్‌తో జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గాని పౌనఃపున్యాన్ని మార్చదు. మీ టర్న్‌టేబుల్ మోటారు గోడ విద్యుత్తు లయను అనుసరించి తిరిగే రకం అయితే, ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లకు బదులు 28 కన్నా తక్కువ వస్తాయి, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా జారుతుంది. ఐదు శ్రుతిలో పాడిన గాయని మూడు శ్రుతికి, ఇంకా కాస్త కిందకు దిగిపోయి, నిద్రమత్తులో పాడుతున్నట్లు వినబడుతుంది. 50 హెర్ట్జ్‌కు సరిపోయే కప్పీ తయారీదారు దగ్గర దొరికితే అక్కడే కొని తెచ్చుకోండి. బయటి అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు అయితే ఈ బాధ లేదు, అడాప్టర్ ఒకటి మారిస్తే చాలు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ స్పీకర్ల సంగతి. అక్కడి ఇళ్ళ గోడలు చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి. మంద్ర స్వరాలకు అవి వణికి, కొంత పీల్చి, కొంత బయటికి వదిలేస్తాయి. ఆ గదిలో పోయే బాస్‌ను భర్తీ చేసేంత పెద్ద స్పీకర్లు మీరు ఎంచుకుని ఉంటారు. గుంటూరులో 9 అంగుళాల ఇటుక గోడలు, పైన కాంక్రీటు శ్లాబు ఆ బాస్‌ను చుక్క కూడా వదలకుండా గదిలోకే తిప్పి కొడతాయి. ఇక్కడి గది కొలతలు, గోడల రకం, నేల రకం రాసి పంపండి, స్పీకర్లను ఓడలో ఎక్కించాలా, అక్కడే అమ్మేయాలా అన్నది వాటిని చూసి చెబుతాను.